పాటలకు రేవు కట్టిన దేశం: సింగపూర్‌లో లైవ్ షోల మోజు

2023 జులై మొదటి వారంలో సింగపూర్‌లోని కొన్ని పోస్టాఫీసుల ముందు జనం రాత్రంతా బారులు తీరి కూర్చున్నారు. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీ టికెట్లను ఆన్‌లైన్‌తో పాటు ఆ కౌంటర్లలో కూడా అమ్మారు. ఆన్‌లైన్ క్యూలో తమకన్నా ముందు లక్షలమంది ఉన్నారని ఫోన్‌లో కనిపిస్తుంటే, కౌంటర్ దగ్గర నిలబడటమే నయమనుకున్నవాళ్లు తెల్లవార్లూ ఫుట్‌పాత్ మీదే గడిపారు. కచేరీకి అప్పటికి ఇంకా ఎనిమిది నెలల టైముంది.

ఆ కచేరీలు సింగపూర్ నేషనల్ స్టేడియంలో 2024 మార్చి 2 నుంచి 9వ తేదీ మధ్య ఆరు రాత్రులు జరిగాయి. 3 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకునే విదేశీయులను కలుపుకుంటే ఆ ఏడాది సింగపూర్ జనాభా సుమారు 60 లక్షలు. టికెట్లన్నీ ఊళ్లోవాళ్లే కొని ఉంటే ప్రతి ఇరవై మందిలో ఒకరు ఆ కచేరీకి వెళ్లినట్టు లెక్క. దేశం మొత్తం విస్తీర్ణం దాదాపు 735 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందున్న జీహెచ్‌ఎంసీ పరిధి కన్నా కాస్త పెద్దది, అంతే. అదే స్టేడియంలో ఆ జనవరిలోనే బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే కూడా ఆరు రాత్రులు పాడి వెళ్లింది.

ఇంత చిన్న దేశానికి ఇంత పెద్ద సందడి ఎలా సరిపోయింది? ఆ జనంలో చాలామంది విమానం దిగి వచ్చినవాళ్లు. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు విమానంలో గంట, జకార్తా నుంచి రెండు గంటల లోపు, బ్యాంకాక్ నుంచి రెండున్నర గంటలు, మనీలా నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. మన హైదరాబాద్ నుంచి కూడా నాలుగున్నర గంటలే. ఆగ్నేయాసియా మొత్తంలో టేలర్ స్విఫ్ట్ ఆగిన చోటు అదొక్కటే. ఆమె పాట వినాలనుకున్న ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ అభిమానులకు వేరే దారి లేకపోయింది.

సింగపూర్‌కు ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. ఆ దేశానికి చెప్పుకోదగ్గ పొలాలు లేవు, గనులు లేవు. ఎక్కడినుంచో వచ్చిన ఓడ మరెక్కడికో పోయే ఓడకు సరుకు అప్పగించే రేవుగా బతికింది. తర్వాత విమానాలకూ అదే పని చేసింది. ఇప్పుడు పాటలకు రేవు కట్టింది. ఈ రేవు నిర్మాణం ఎంత పకడ్బందీగా సాగిందో చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. అదే సమయంలో ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే పాడాలనుకునే గొంతులకు స్టేజీ దొరకడం ఎందుకు కష్టమవుతోందో కూడా చూడాలి. లైవ్ షోల మోజు గురించి వచ్చే కథనాలు ఎక్కువగా మొదటి సగం చెప్పి ఆగిపోతున్నాయి.

రేవు ఎలా కట్టారు

కలాంగ్ ప్రాంతంలో ఇప్పుడున్న నేషనల్ స్టేడియం 2014లో తెరుచుకుంది. 55,000 మంది పడతారు. పైన గుమ్మటం లాంటి కప్పు, 310 మీటర్ల వెడల్పున మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా నిలబడి ఉంటుంది. అవసరాన్ని బట్టి దాన్ని తెరవొచ్చు, మూయొచ్చు. ఏడాది పొడవునా ఎప్పుడు వాన పడుతుందో తెలియని చోట ఆ కప్పే సగం బలం. సీట్ల కిందనుంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు ఉంది. మెట్రో స్టేషన్ పక్కనే ఉంది. షో అయ్యాక 50,000 మంది ఇళ్లకు ఎలా చేరతారన్న టెన్షన్ నిర్వాహకులకు పెద్దగా ఉండదు. అర్ధరాత్రి బయటికొచ్చిన ఆడపిల్లలు భయం లేకుండా రైలెక్కి పోతారు. కూతురిని పక్క దేశానికి కచేరీకి పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకు అదెంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత మంచి స్టేడియం మొదట్లో అనుకున్నంతగా నిండలేదు. 2010లో ప్రభుత్వం దాన్ని కట్టి నడిపే బాధ్యతను 25 ఏళ్ల ఒప్పందంతో ప్రైవేటు సంస్థల కూటమికి ఇచ్చింది. తెరిచిన కొత్తలో మైదానంలో గడ్డి సరిగా మొలవక ఇసుక తేలింది. బ్రెజిల్, జపాన్ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ ఆ నేల మీదే జరిగి విమర్శలు తెచ్చింది. అద్దెలు ఎక్కువన్న ఫిర్యాదులూ వచ్చాయి. చివరికి 2022 జూన్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 150 కోట్ల సింగపూర్ డాలర్లు చెల్లించి, డిసెంబర్‌లో స్టేడియాన్ని తన చేతిలోకి తీసుకుంది.

ఆ తర్వాత కథ వేగం అందుకుంది. రెండు నెలలు తిరక్కుండానే, 2023 ఫిబ్రవరిలో, అప్పటి సాంస్కృతిక శాఖ మంత్రి ఎడ్విన్ టాంగ్ లాస్ ఏంజెలెస్ వెళ్లి టేలర్ స్విఫ్ట్ టూర్ నిర్వాహకులతో మాట్లాడారు. ఒక పాటగత్తె డేట్ల కోసం మంత్రి స్వయంగా విమానమెక్కడం, పర్యాటక అభివృద్ధి నిధి నుంచి గ్రాంటు ఇవ్వడం, బదులుగా ఈ ప్రాంతంలో మరెక్కడా ఆగకుండా ఒప్పించడం: ఇదంతా షిప్పింగ్ కంపెనీని రేవుకు రప్పించుకునే పద్ధతే.

పక్క దేశాలకు కోపం వచ్చింది. ఒక్కో షోకు 20 నుంచి 30 లక్షల అమెరికన్ డాలర్లు ఇచ్చి సింగపూర్ పోటీ లేకుండా చేసుకుందని అప్పటి థాయ్‌లాండ్ ప్రధాని స్రెట్టా థవిసిన్ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగానే అన్నారు. మంచి పొరుగువాళ్లు చేసే పని కాదు ఇదని ఫిలిప్పీన్స్ పార్లమెంటు సభ్యుడు ఒకరు నొచ్చుకున్నారు. అసలు మొత్తం ప్రచారంలో ఉన్నంత పెద్దది కాదని సింగపూర్ ప్రభుత్వం చెప్పింది కానీ, ఒప్పందంలో గోప్యత ఉందంటూ అంకె బయటపెట్టలేదు. కచేరీలు జరుగుతున్న వారంలోనే అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ మెల్‌బోర్న్‌లో ఆగ్నేయాసియా నేతల సమావేశంలో ఉన్నారు. ప్రోత్సాహకాలు ఇచ్చిన మాట నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. దాన్ని స్నేహానికి విరుద్ధమైన పనిగా తాను చూడటం లేదన్నారు.

డబ్బు ఒక్కటే ఈ పని చేయించలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద టూర్ అంటే వందలమంది మనుషులు, కొన్ని విమానాల నిండా సామాను. స్టేజీ నిలబెట్టడానికే రోజులు పడుతుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో రాత్రి పాడి విప్పుకుంటూ పోవడం కన్నా ఒకేచోట ఆరు రాత్రులు పాడితే ఖర్చు తగ్గుతుంది, మిగులు పెరుగుతుంది. అలా ఒకేచోట పాతుకుపోవాలంటే ముందుగా కావలసింది భరోసా. 2014 జూన్‌లో బ్యాంకాక్‌లో జరగాల్సిన టేలర్ స్విఫ్ట్ కచేరీ అక్కడి సైనిక తిరుగుబాటు వల్ల రద్దయింది. 2023 జులైలో కౌలాలంపూర్‌లో ఒక బ్రిటిష్ బృందం స్టేజీ మీద చేసిన పనికి మలేషియా ప్రభుత్వం ఆ సంగీతోత్సవాన్నే మధ్యలో ఆపేసింది. మనీలా దగ్గర 55,000 సీట్ల భారీ హాలు ఉంది గానీ అది నగరానికి దూరం, పైగా అక్కడి ట్రాఫిక్ సంగతి తెలిసిందే. చెప్పిన తేదీకి, చెప్పిన టైముకు, చెప్పినట్టే షో జరుగుతుందన్న నమ్మకమే సింగపూర్ అమ్మే అసలు సరుకు.

ఆ నమ్మకానికి పునాది 2008 సెప్టెంబర్ 28న పడిందనుకోవచ్చు. ఆ రాత్రి నగరం నడిబొడ్డున వీధుల్లో ఫార్ములా వన్ చరిత్రలోనే మొట్టమొదటి రాత్రి రేసు జరిగింది. కార్లతో పాటు పెద్ద పెద్ద గాయకుల కచేరీలు పెట్టి మూడు రోజుల జాతరగా మార్చారు. కరోనా తర్వాత 2022లో మళ్లీ మొదలైనప్పుడు 3,02,000 మంది వచ్చారు. అప్పటివరకూ అదే రికార్డు. దేశం మొత్తం ఒక ఈవెంట్ మేనేజర్‌లా పనిచేయడం ఆ రేసుతోనే నేర్చుకుంది.

లాభం ఎవరికి

టేలర్ స్విఫ్ట్ ఆరు రాత్రుల వల్ల దేశంలోకి వచ్చిన డబ్బు మీద బ్యాంకుల ఆర్థికవేత్తలు రకరకాల అంచనాలు వేశారు. అవి ఎక్కువగా 30 కోట్ల నుంచి 50 కోట్ల సింగపూర్ డాలర్ల మధ్య తిరిగాయి. ఇలాంటి అంకెలను కొంచెం ఆచితూచి చదవాలి. అవి మొత్తం ఖర్చును చెబుతాయి, దేశానికి మిగిలినదాన్ని కాదు. టికెట్ డబ్బులో పెద్ద వాటా గాయని వెంటే విమానమెక్కి పోతుంది. హోటళ్లకు, విమానయాన సంస్థలకు, మాల్స్‌కు, ట్యాక్సీలకు వచ్చింది మాత్రం ఇక్కడే ఉంటుంది. ఇచ్చిన గ్రాంటుతో పోలిస్తే అది చాలా రెట్లు ఎక్కువే అయి ఉంటుంది. వ్యాపారంగా చూస్తే ప్రభుత్వం చేసింది మంచి బేరమే.

జనం వైపునుంచి చూస్తే మామూలు టికెట్ 108 నుంచి 348 సింగపూర్ డాలర్లు. అప్పటి లెక్కన సుమారు 6,700 నుంచి 21,500 రూపాయలు. ప్రత్యేక ప్యాకేజీలు 1,228 డాలర్ల దాకా వెళ్లాయి. టికెట్లను ఎక్కువ ధరకు తిరిగి అమ్మడం సింగపూర్‌లో నేరం కాదు. బ్లాకులో ధరలు ఎంత పెరిగినా అడిగేవారు లేరు. లేని టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్మి డబ్బు కాజేసిన మోసాలూ చాలా జరిగాయి, పోలీసులు పదేపదే హెచ్చరించాల్సి వచ్చింది. క్రమశిక్షణకు మారుపేరైన దేశంలో టికెట్ల అమ్మకం ఒక్కటీ ఇలా గాలికి వదిలేయడం సరైంది కాదు. రాత్రంతా క్యూలో నిలబడ్డ పిల్లకు దొరకని సీటు, పది నిమిషాల తర్వాత మూడింతల ధరకు ఇంకొకరి దగ్గర కనిపిస్తే ఆ బాధ చిన్నది కాదు.

ఆ ఆరు రాత్రులూ ముందుగా స్టేజీ ఎక్కి జనాన్ని వేడెక్కించింది అమెరికా నుంచే వచ్చిన సబ్రీనా కార్పెంటర్. టూర్ల పద్ధతే అంత, ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ 3 లక్షల మంది కూర్చున్న ఆ సీట్ల ముందు సింగపూర్ గొంతు ఒక్కటీ వినపడలేదు. రేవులో ఓడ ఆగితే కూలీకి పని దొరుకుతుంది. పాట వచ్చి రేవులో ఆగితే ఊరి పాటగాడికి ఏం దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు ఎవరూ సిద్ధం చేసుకోలేదు.

ఒక్కో ఇటుకకు ఒక్కో డాలర్

సింగపూర్ ప్రజలకు షోల మీద మోజు ఈమధ్యే పుట్టిందనుకుంటే పొరపాటు. 1923లో జాలన్ బెసార్ దగ్గర న్యూ వరల్డ్ అనే వినోద కేంద్రం తెరుచుకుంది. 1930లలో గ్రేట్ వరల్డ్, హ్యాపీ వరల్డ్ వచ్చాయి. సాయంత్రమైతే అక్కడ ఒకవైపు చైనీస్ వీధి నాటకాలు, మరోవైపు బంగ్సావన్ అనే మలయ్ సంగీత నాటకాలు, ఇంకోవైపు బాక్సింగ్, కుస్తీ పోటీలు, డాన్స్ హాళ్లు. సురభి నాటకాలు, సర్కస్, ఎగ్జిబిషన్ అన్నీ ఒకే ప్రాంగణంలో ప్రతిరోజూ నడుస్తుంటే ఎలా ఉంటుందో అలా ఊహించుకోవచ్చు. రేవు కూలీలు, రిక్షా లాగేవాళ్లు, దుకాణదారులు కొద్దిపాటి డబ్బుతో వెళ్లి వచ్చేవారు.

ఆ మోజుకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నేషనల్ థియేటర్. మలేషియాలో చేరకముందు, స్వయంపాలన కొత్తగా వచ్చిన రోజుల్లో, దేశానికి సొంత రంగస్థలం కావాలనుకున్నారు. ప్రభుత్వం దగ్గర సరిపడా డబ్బు లేదు. ‘ఒక్కో ఇటుకకు ఒక్కో డాలర్’ అని జనాన్ని చందా అడిగారు, జనం ఇచ్చారు. ఫోర్ట్ కానింగ్ కొండ వాలులో, పక్కలకు గోడలు లేకుండా, ముందువైపు ఐదు కోణాల నిర్మాణంతో 3,420 సీట్ల థియేటర్ లేచింది. 1963 ఆగస్టులో తెరిచారు. జనం దాన్ని ప్రజల థియేటర్ అనే పిలుచుకున్నారు. భవన నిర్మాణంలో లోపాలు బయటపడటంతో పాటు దగ్గర్లో ఎక్స్‌ప్రెస్ హైవే పనులు రావడంతో 1986లో కూల్చేశారు. ఇప్పుడా చోట ఒక గుర్తు ఫలకం తప్ప ఏమీ మిగల్లేదు. తమ చందాతో కట్టుకున్న నాటకశాల 23 ఏళ్లకే నేలమట్టమైతే ఆ తరం మనసు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

ఆ మధ్యకాలంలో ప్రభుత్వానికి పాటన్నా, స్టేజీ అన్నా అనుమానం. 1970లలో పొడవు జుట్టున్న మగవాళ్లకు ఆఫీసుల్లో ఆఖర్న పని చేసిపెడతామని బోర్డులు పెట్టారు. జుట్టు కారణంగానే 1972లో లెడ్ జెపెలిన్ అనే బ్రిటిష్ రాక్ బృందం అక్కడ పాడలేకపోయింది. ఉద్యోగాలు, ఇళ్లు, నీళ్లు సమకూర్చుకోవడమే ముఖ్యమనుకున్న దేశంలో రాక్ పాట విలాసంగానూ, చెడు సహవాసంగానూ కనిపించింది. గాలి మారింది 1989లో. కళల మీద ప్రభుత్వం వేసిన సలహా మండలి ఆ ఏడాది నివేదిక ఇచ్చింది. 1991లో నేషనల్ ఆర్ట్స్ కౌన్సిల్ ఏర్పడింది. 2002 అక్టోబర్‌లో సముద్రపు ఒడ్డున ఎస్‌ప్లనేడ్ అనే కళాకేంద్రం తెరుచుకుంది. పైన ముళ్లముళ్లుగా ఉండే ఆ జంట గుమ్మటాలను చూసి జనం పనసపండులాంటి తమ డూరియన్ పేరు పెట్టేశారు. ఖర్చు సుమారు 60 కోట్ల సింగపూర్ డాలర్లు.

ఎస్‌ప్లనేడ్ కట్టేటప్పుడు జరిగిన ఒక సంగతిలో ఇప్పటి సమస్య మొత్తం కనిపిస్తుంది. మొదటి ప్లానులో పెద్ద హాళ్లతో పాటు మధ్యస్థంగా ఉండే థియేటర్లు కూడా ఉన్నాయి. ఖర్చు పెరుగుతోందని వాటిని పక్కనపెట్టారు. 1,600 సీట్ల కచేరీ హాలు, 2,000 సీట్ల థియేటర్ లేచాయి. ఇవి బయటి దేశాల ఆర్కెస్ట్రాలకు, మ్యూజికల్స్‌కు సరిగ్గా సరిపోతాయి. స్థానిక నాటక బృందం 2,000 సీట్లు నింపలేదు. వందమంది పట్టే చిన్న గదిలో వేస్తే ఖర్చులు రావు. తమకు కావలసింది మధ్య సైజు హాలు అని కళాకారులు అప్పుడే మొత్తుకున్నారు. ఆ ప్రాంగణంలో 550 సీట్ల వాటర్‌ఫ్రంట్ థియేటర్ తెరుచుకునేసరికి 2022 అక్టోబర్ వచ్చింది. సరిగ్గా 20 ఏళ్లు పట్టింది.

ముందు వరస ఖాళీ

పెద్ద హాళ్ల సంగతి అటుంచితే, ఏ మంత్రీ విమానమెక్కకుండానే ఏటా వేలమందిని రప్పించే లైవ్ షో సింగపూర్‌లో ఒకటుంది. దాని పేరు గెటాయ్. చైనీస్ కేలండర్‌లో ఏడో నెల పితృదేవతలది. మన మహాలయ పక్షంలాంటిది. ఆ నెలంతా ఫ్లాట్ల మధ్య ఖాళీ స్థలాల్లో, కార్ పార్కింగుల్లో టెంట్లు వేసి, రంగురంగుల లైట్ల స్టేజీ కట్టి, హొక్కియెన్, మాండరిన్ అనే చైనీస్ భాషల్లో పాటలు పాడతారు. మధ్యలో జోకులు, చమత్కారాలు. చూడటానికి మన వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా గుర్తొస్తుంది. ముందు వరస కుర్చీలు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతారు. అవి చనిపోయినవాళ్లకు. కుర్రాళ్లు పొరపాటున కూర్చుంటే పెద్దవాళ్లు లేపేస్తారు.

టికెట్ ఉండదు. ఆ పేటలోని వ్యాపారులు, భక్త బృందాలు చందాలు వేసుకుని ఖర్చు భరిస్తారు. జపాన్ ఆక్రమణ కాలంలో న్యూ వరల్డ్ లాంటి చోట్ల మొదలైన ఈ పాటల స్టేజీ ఇన్ని దశాబ్దాలు నిలబడింది. గాయకులు ఒక్క రాత్రిలో మూడు నాలుగు చోట్ల పాడి, కారులోనే బట్టలు మార్చుకుంటూ పరుగెత్తుతారు. రాత్రి పదిన్నరకల్లా మైకు ఆపేయాలి. చుట్టూ ఇళ్లున్నాయి, నిద్రపోయేవాళ్లున్నారు. చోటు ఇరుకైన దేశంలో లైవ్ పాటకు మొదటి అడ్డంకి ఎప్పుడూ పక్కింటి గోడే. ఇప్పుడు చందాలు తగ్గుతున్నాయి. హొక్కియెన్ అర్థమయ్యే పిల్లలు కూడా తగ్గిపోతున్నారు.

యువతరం పాటకు ఇలాంటి ఆసరాయే సబ్‌స్టేషన్. 1990లో నాటక రచయిత కువో పావ్ కున్ ఆర్మీనియన్ స్ట్రీట్‌లో వాడకుండా వదిలేసిన పాత విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఎవరి లెక్కల్లోనూ లేని పంక్, మెటల్ బృందాలు, మొదటి నాటకం రాసిన కుర్రాళ్లు, ఎటూ పొసగని ప్రయోగాలు చేసేవాళ్లు అక్కడ స్టేజీ ఎక్కారు. బాగా రాకపోయినా ఫర్వాలేదనే చోటు అది. 2021లో మరమ్మతుల కోసం భవనాన్ని ఆర్ట్స్ కౌన్సిల్ వెనక్కి తీసుకుంది. బాగుచేశాక ఆ చోటును పలు సంస్థలు పంచుకుంటాయి, సబ్‌స్టేషన్‌కు మాత్రం తనదైన ఇల్లు పోయింది. 2025లో సినిమా హాళ్లకూ దెబ్బ తగిలింది. మంచి సినిమాలతో పాటు చిన్న చిన్న కచేరీలకూ చోటిచ్చిన ప్రొజెక్టర్ థియేటర్ ఆగస్టులో మూతపడింది. 2010లో పుట్టిన నాటక సంస్థ పాంగ్‌డెమోనియమ్ 2026 సీజనే తన ఆఖరిదని ప్రకటించింది. పెరిగిన అద్దెలు, పెరిగిన జీతాలు, తగ్గిన స్పాన్సర్లు: ఏ చిన్న స్టేజీని కదిపినా వినిపించే కారణాలు దాదాపు ఇవే.

ఇక్కడ 2020 జూన్ నాటి ఒక సర్వేను గుర్తుచేసుకోవాలి. కరోనా కాలంలో సండే టైమ్స్ పత్రిక 1,000 మందిని ఏ వృత్తి అత్యవసరం, ఏది కాదు అని అడిగింది. అత్యవసరం కానివాటిలో మొదటి స్థానం ‘కళాకారుడు’కు వచ్చింది. 71 శాతం మంది ఆ మాట అన్నారు. కళాకారులు చాలా నొచ్చుకున్నారు. ఇళ్లలో బందీలై పాటలు వింటూ, సీరియళ్లు చూస్తూ గడిపినవాళ్లే ఆ జవాబు చెప్పారు. మూడేళ్లు గడిచాక అదే ఊళ్లో టికెట్ల కోసం పోస్టాఫీసు ముందు రాత్రంతా క్యూ కట్టారు. ఈ రెంటిలో వైరుధ్యమేమీ లేదు. పాట కావాలి, పాడేవాడు మాత్రం ఎక్కడో దూరాన పుట్టి పెద్దవాడై రావాలి. అప్పుడే అతను కళాకారుడు. పక్క వీధిలో గిటార్ వాయించే కుర్రాడు ఉద్యోగం లేనివాడు. సింగపూర్‌లో పుట్టిన స్టెఫనీ సన్, జేజే లిన్ ఇద్దరూ తైవాన్ సంగీత రంగం ద్వారానే పెద్ద స్టార్లయ్యారు. సొంత ఊళ్లో స్టేడియం నింపే స్థాయికి చేరడానికి వాళ్లు ముందు ఊరు దాటాల్సి వచ్చింది.

త్యాగరాజ కీర్తన, ఉగాది సాయంత్రం

సింగపూర్‌లో తెలుగు వినిపించే స్టేజీలు కూడా ఈ చిన్నవాటిలోనే ఉన్నాయి. 1949లో ఏర్పడిన ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో పిల్లలు కర్ణాటక సంగీతం, భరతనాట్యం నేర్చుకుంటారు. వాళ్లలో చాలామందికి తెలుగు ఒక్క ముక్క రాదు, త్యాగరాజ కీర్తనలు మాత్రం నోటికి వచ్చు. ఏటా నవంబర్ ప్రాంతంలో ఎస్‌ప్లనేడ్‌లో కళా ఉత్సవం పేరుతో భారతీయ కళల పండగ జరుగుతుంది. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాది లాంటి పండగలకు కార్యక్రమాలు పెడుతుంది. అద్దె హాల్లో పిల్లలు పద్యం చెబుతూ మధ్యలో మర్చిపోయి అమ్మ వైపు చూసే ఆ సాయంత్రాలు ఏ ఆర్థికవేత్త అంచనాలోకీ రావు. సొంత గడ్డకు దూరంగా ఉన్న మనిషికి అవే ప్రాణం.

తెలుగు రాష్ట్రాలకు ఈ కథలో ఒక పాఠం ఉంది. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే, ఫిబ్రవరి 2న హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ కచేరీలు జరిగాక, మన నగరాలూ కచేరీల ఆదాయం గురించి మాట్లాడుతున్నాయి. అయితే మన దగ్గర లైవ్ షో అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది సినిమా ప్రీ రిలీజ్ ఈవెంట్, అదీ పాస్ మీద. పాడేవాళ్ల కోసం టికెట్ కొని వెళ్లే అలవాటు ఇంకా ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. స్టేడియాలకు గ్రాంట్లు ఇచ్చే ముందు ఐదారు వందల సీట్ల హాళ్లు జిల్లా కేంద్రాల్లో ఎన్ని బాగున్నాయో లెక్క చూసుకుంటే మంచిది.

ఓడలు మళ్లే కాలం

సింగపూర్ రేవుకు 2000లో ఒక పెద్ద దెబ్బ తగిలింది. ప్రపంచంలోనే అతి పెద్ద కంటెయినర్ సంస్థల్లో ఒకటైన మెయర్స్క్, జలసంధికి అవతల మలేషియా కొత్తగా కట్టిన తంజుంగ్ పెలెపాస్ రేవుకు మారిపోయింది. అక్కడ ఖర్చు తక్కువ. రెండేళ్ల తర్వాత తైవాన్ సంస్థ ఎవర్‌గ్రీన్ కూడా అదే దారి పట్టింది. సింగపూర్ కోలుకుంది, ఇప్పటికీ పెద్ద రేవుగానే ఉంది. కానీ ఎవరో ఇచ్చిన మంచి బేరానికి వచ్చిన ఓడ, మరొకరు ఇంకా మంచి బేరం ఇస్తే వెళ్లిపోతుందని ఆ దేశానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పాటల రేవుకూ పోటీ మొదలైంది. 2025 మార్చిలో హాంకాంగ్‌లో కై టాక్ స్టేడియం తెరుచుకుంది. 50,000 సీట్లు, దానికీ తెరిచి మూసే కప్పు. మరుసటి నెలలోనే కోల్డ్‌ప్లే అక్కడ నాలుగు రాత్రులు పాడింది. సింగపూర్ ఊరుకోలేదు. మే నెలలో లేడీ గాగాను నాలుగు రాత్రులకు రప్పించింది. 1989 నుంచి ఉన్న ఇండోర్ స్టేడియం స్థానంలో కనీసం 18,000 సీట్ల కొత్త అరీనా కడతామని ప్రకటించింది. మరీనా బే శాండ్స్ తన విస్తరణలో 15,000 సీట్ల మరో అరీనాకు 2025 జులైలో భూమిపూజ చేసింది. ఇవన్నీ పెద్ద స్టేజీలే, నిచ్చెనలో పైమెట్లే.

చిన్న స్టేజీలనే కింది మెట్లకు మంచి ప్రయత్నం ఒకటి జరిగిందని చెప్పుకోవాలి. 2025 బడ్జెట్‌లో 18 ఏళ్లు నిండిన ప్రతి సింగపూర్ పౌరుడికీ 100 డాలర్ల కల్చర్ పాస్ ఇచ్చారు. స్థానిక నాటకాలు, కచేరీలు, మ్యూజియంల వంటివాటికే దాన్ని వాడాలి. విదేశీ స్టార్ల షోలకు చెల్లదు. గ్రాంటు నేరుగా సంస్థలకు ఇవ్వకుండా ప్రేక్షకుడి చేతికిచ్చి, ఏది చూడాలో నువ్వే ఎంచుకో అనడం ఇందులో గొప్ప విషయం. ఎప్పుడూ నాటకం చూడని ట్యాక్సీ డ్రైవరూ, రిటైరైన టీచరూ ఆ వంద డాలర్లతోనైనా ఒకసారి చిన్న హాల్లో అడుగుపెడతారు. ఐదు గజాల దూరంలో తమలాంటి మనిషే, తమ యాసలోనే మాట్లాడుతూ ఏడవడం, నవ్వించడం చూస్తారు. పెద్ద తెర మీద బొమ్మ చూడాల్సి వచ్చే స్టేడియంలో అది దొరకదు.

కల్చర్ పాస్ గడువు 2028 ఆఖరుతో ముగుస్తుంది. ఫార్ములా వన్ ఒప్పందం కూడా 2028 వరకే. రేసు ఒప్పందాన్ని పొడిగించడానికి మంత్రులు, అధికారులు, హోటళ్ల యజమానులు ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటూ ఉంటారు, దాని గురించి బెంగ అక్కర్లేదు. పాస్‌తో మొదటిసారి స్థానిక నాటకం చూసినవాళ్లు 2029లో తమ జేబులోంచి డబ్బు తీసి రెండోసారి టికెట్ కొంటారా, అప్పటికి వాళ్లు వెళ్లడానికి చిన్న హాళ్లు ఎన్ని మిగిలి ఉంటాయి అన్నది మాత్రం ఇంకా ఎవరూ లెక్క వేయలేదు.